సైకిలు పంక్చరు – సవరణయు, టైరు ఎక్కింపును
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శిక్షణ తరగతిలో మీరింతవరకు ఇంటిపన్నును గూర్చియు, త్రాగునీటిని గూర్చియు, గ్రామసభ నిర్వహణను గూర్చియు విన్నారు. ఇప్పుడు నేను సైకిలు టైరును గూర్చి మాటలాడబోవుచున్నానని తెలిసి మీలో కొందరు చిరునవ్వు నవ్వుటను చూచుచున్నాను. “ఇది సైకిలు షాపువాని పని గదా! పంచాయతీకి దీనితో ఏమి సంబంధము?” అని మీకు తోచవచ్చును. ఆ సందేహమునకు సమాధానము చివర చెప్పుదును. అంతవరకు ఓపికతో వినవలసినదిగా ప్రార్థన.

2011 జనాభా లెక్కలలో మన దేశమున నూటికి సుమారు 45 కుటుంబములకు సైకిలు కలదని తేలినది. ఆ తరువాత మోటారు సైకిళ్ళు పల్లెలకు చాల వచ్చిన మాట నిజము. ఐనను పెట్రోలు పోయించుకొనలేని వానికి సైకిలే వాహనము. పొరుగూరి ఉన్నత పాఠశాలకు పోవు బాలికకు, తెల్లవారకముందే పాలబిందెలు కట్టుకొని బయలుదేరు పాడిరైతునకు, కూలికి పోవు మేస్త్రికి, ఊరూర తిరిగి గాజులు, బట్టలు అమ్ముకొనువానికి రెండు చక్రములే ఆధారము. ఆ చక్రములో గాలి పోయిన దినమున ఆ కుటుంబపు పని ఆగిపోవును.

ఇది నా స్వానుభవము. నేను పదవ తరగతి చదువుచున్నప్పుడు పరీక్షా కేంద్రము మా ఊరికి పది మైళ్ళ దూరమున ఉండెను. లెక్కల పరీక్షకు ముందు రాత్రి నా సైకిలు వెనుక చక్రము పంక్చరైనది. షాపు కట్టివేసియుండుటచే లాంతరు వెలుగులో నేనే ట్యూబు తీసి, అతుకు వేసి, టైరును ఎట్లో ఎక్కించి, గాలి కొట్టి పండుకొంటిని. తెల్లవారి చూడగా గాలి చెక్కుచెదరలేదు. సంతోషముతో బయలుదేరితిని. సగము దారి పోగానే చింతతోపు దగ్గర తుపాకి ప్రేలినట్లు పెద్ద శబ్దమైనది. ట్యూబు జానెడు మేర చీలిపోయినది. సైకిలు నడిపించుకొనుచు కేంద్రము చేరునప్పటికి చాల ఆలస్యమైనది. దయతో లోనికి రానిచ్చిరిగాని పోయిన కాలము తిరిగి రాలేదు. ఆ ఒక్క పరీక్షలో తప్పితిని. నాకు ఒక సంవత్సరము పోయినది.

తరువాత మా ఊరి సైకిలు షాపు పెద్దాయన ఆ ట్యూబును చేత పట్టుకొని చూచి, “అబ్బాయీ! నీవు వేసిన అతుకు ఇంకను గట్టిగనే ఉన్నది. చీలినది అతుకు దగ్గర కాదు. టైరు ఎక్కించునప్పుడు ట్యూబును టైరు అంచు క్రింద నలిపితివి. అక్కడ చీలినది” అని చెప్పెను. ఆ మాట నేను నేటికిని మరువలేదు. పంక్చరు వేయుట సగము పని, టైరును సరిగా ఎక్కించుట తక్కిన సగము. మొదటి సగము అందరికిని తెలియును. రెండవ సగమును గూర్చియే నేడు ముఖ్యముగా చెప్పదలచితిని.

టైరు కథ

గాలి నింపిన చక్రమునకు 1845లోనే రాబర్ట్ థామ్సన్ అను స్కాట్లండు దేశస్థుడు హక్కుపత్రము పొందెను గాని అది వాడుకలోనికి రాలేదు. 1888లో బెల్‌ఫాస్ట్ నగరమున పశువైద్యుడుగా నున్న జాన్ డన్‌లప్ తన కుమారుని మూడుచక్రముల బండి కుదుపులు తగ్గించుటకై గాలి టైరును తయారుచేసెను. అది లోకమంతట వ్యాపించినది. కాని ఆ తొలి టైర్లను రిమ్మునకు జిగురుతో అంటించెడివారు. పంక్చరైనచో ఊడదీసి బాగుచేయుటకు గంటలు పట్టెడిది. జిగురు ఆరుటకు ఒక రాత్రి వేచియుండవలసి వచ్చెడిది. ఈ బాధను చూచియే ఫ్రాన్సు దేశమున మిషెలిన్ సోదరులు ఊడదీయ వీలగు టైరును రూపొందించిరి. 1891లో పారిస్ నుండి బ్రెస్టు వరకు పోయి తిరిగి వచ్చు సుమారు 1200 కిలోమీటర్ల పందెములో అట్టి టైర్లతో షార్ల్ టెరాన్ అను వీరుడు గెలిచెను. ఇంచుమించు ఆ కాలముననే, 1890లో, చార్లెస్ వెల్చ్ అను ఆంగ్లేయుడు టైరు అంచులో ఉక్కు తీగను పొదిగి, రిమ్ము నడుమ పల్లమును ఏర్పరచెను. మన ఊళ్ళలోని సైకిళ్ళ టైర్లు నేటికిని ఆ తీగ పద్ధతివే.

ఈ కథ చెప్పుటకు కారణమున్నది. టైరు అంచులోని తీగ సాగదు. రిమ్ము అంచు చుట్టుకొలత ఆ తీగ చుట్టుకొలత కంటె ఎక్కువ. మరి తీగ రిమ్మును దాటి ఎట్లు వచ్చును? ఒక ప్రక్కన తీగను రిమ్ము నడుమ పల్లములోనికి దింపినచో దానికి ఎదురు ప్రక్కన వదులు దొరకును. ఆ వదులుతోనే టైరు దిగును, ఆ వదులుతోనే ఎక్కును. ఈ ఒక్క సూత్రము తెలిసినవానికి బలముతో పనిలేదు. తెలియనివాడు స్క్రూడ్రైవరుతో పెళ్ళగించి ట్యూబును కోయును, రిమ్మును వంచును.

కావలసిన సామగ్రి

ఒక గాలిపంపు, మొనలు నున్నగా నున్న రెండు టైరు లివర్లు, ఒక పానా, గరుకుకాగితము, రబ్బరు సొల్యూషను గొట్టము, అతుకులు, కొన్ని వాల్వు ట్యూబు ముక్కలు, సుద్దపొడి, ఒక తొట్టెడు నీరు. ఇంతకుమించి అక్కరలేదు. సొల్యూషను మండెడి పదార్థము. కావున దానిని చేత పట్టుకొనియున్నప్పుడు బీడీ, చుట్ట కాల్చరాదు.

మొదట వాల్వును చూడుడు

గాలి పోయిన చక్రమెల్ల పంక్చరైనది కాదు. పాతరకపు సైకిలు వాల్వులో ఒక చిన్న పిన్ను, దాని ప్రక్క రంధ్రమును కప్పుచు సన్నని రబ్బరు తొడుగు ఉండును. పంపు కొట్టినప్పుడు గాలి ఆ తొడుగును త్రోసికొని లోనికి పోవును. లోపలి గాలి ఆ తొడుగునే నొక్కి బయటికి పోకుండ ఆపును. ఎండకు ఆ రబ్బరు ఎండి చిట్లినచో గాలి మెల్లగా జారిపోవుచుండును. కావున ముందుగా గాలి కొట్టి, వాల్వు నోటిపై కొంచెము ఉమ్ముగాని నీరుగాని వేసి చూడవలెను. బుడగ వచ్చినచో తొడుగు మార్చిన చాలును. క్రొత్త తొడుగును తడిచేసి, పిన్ను రంధ్రము పూర్తిగా కప్పబడునట్లు ఎక్కించవలెను. కొన్ని క్రొత్త సైకిళ్ళకు మోటారు సైకిలు రకపు వాల్వు ఉండును. దానిలో ఈ తొడుగు ఉండదు గాని పరీక్ష మాత్రము అదే.

టైరు దింపుట

సైకిలును తలక్రిందులుగా నిలుపవలెను. మన సైకిళ్ళలో పంక్చరునకై చక్రమును ఊడదీయ నక్కరలేదు. టైరు ఒక ప్రక్క అంచును మాత్రము దింపిన చాలును. వాల్వు పిన్ను తీసి గాలి అంతయు పోనిచ్చి, వాల్వును రిమ్మునకు బిగించు నట్టును తీయవలెను. తరువాత చక్రము చుట్టును రెండు ప్రక్కల బొటనవ్రేళ్ళతో నొక్కి టైరు అంచును రిమ్ము నడిమి పల్లములోనికి దింపవలెను. ఈ పనిని చాలమంది విడిచిపెట్టుచున్నారు. పిమ్మట వాల్వునకు దూరముగా నొకచోట లివరును అంచు క్రింద కొద్దిగా దూర్చి పైకి ఎత్తవలెను. లోతుగా దూర్చినచో ట్యూబు తెగును. బెత్తెడు దూరమున రెండవ లివరు. అంతట అంచు వదులై చేతితోనే చుట్టును వచ్చును. ట్యూబును బయటికి లాగి చివరగా వాల్వును తీయవలెను.

రంధ్రమును కనుగొనుట

ట్యూబులో కొంచెము గాలి నింపి కొంచెము కొంచెముగా నీటిలో ముంచి చూడవలెను. బుడగలు వచ్చుచోటును గుర్తించి, తుడిచి, పూర్తిగా ఆరనీయవలెను. ఒక రంధ్రము దొరికినదని ఆగక ట్యూబు అంతయు చూడవలెను. ముల్లు ఒక్కటే యైనను రంధ్రములు రెండుండవచ్చును.

రంధ్రమే తన కారణమును చెప్పును. నేలకు తగులు వైపున చుక్కవలె నున్నచో అది ముల్లు, మేకు లేక గాజుపెంకు. ప్రక్కప్రక్కన రెండు గాట్లున్నచో గాలి చాలక, రాతిపై ఎక్కినప్పుడు ట్యూబు రిమ్మునకును రాతికిని నడుమ నలిగినదని అర్థము. రిమ్ము వైపున నున్నచో స్పోకు మొన పొడిచినది, లేక రిమ్ముపై పట్టీ జారినది. వాల్వు మొదట చిరిగినచో అతుకు నిలువదు, ట్యూబును మార్చవలసినదే. తక్కువ గాలితో తొక్కుటచే ట్యూబు లోపల జారి వాల్వు ఒరిగి అట్లు చిరుగును.

అతుకు వేయుట

రంధ్రము చుట్టును అతుకు కంటె కొంచెము వెడల్పుగా గరుకుకాగితముతో రుద్ది, పొడిని తుడిచివేయవలెను. ఆ చోట నూనె చేయి తగులరాదు. సొల్యూషనును పలుచగా, సమముగా పూసి అయిదు నిమిషములు ఆగవలెను. తడిగా నున్నప్పుడే అతుకు అంటించుట మనవారు సాధారణముగా చేయు తప్పు. ద్రవము ఆవిరియై, వ్రేలు తాకిన తడి తెలియనప్పుడే అతుకు పట్టును. షాపు అతుకునకు బదులు పాత ట్యూబు ముక్కను వాడినచో దానిని కూడ రుద్ది, దానికిని సొల్యూషను పూయవలెను. ముక్క మూలలను గుండ్రముగా కత్తిరింపవలెను. కోణముగా నున్న మూలలు త్వరగా లేచును. అంటించి నడుమనుండి అంచులకు గట్టిగా నొక్కి, పైన కొంచెము సుద్దపొడి చల్లినచో అది టైరునకు అంటుకొనదు.

టైరును తిరిగి ఎక్కించుట

ఇక నా సంవత్సరము పోగొట్టిన పనికి వచ్చితిమి.

మొదట, టైరు లోపలను పరీక్షింపవలెను. ముల్లు ఇంకను టైరులోనే యున్నచో క్రొత్త అతుకు వేసిన మరుక్షణమే మరల పంక్చరగును. ట్యూబులో రంధ్రమున్న చోటు వాల్వునకు ఎంత దూరమో, టైరులో ముల్లును అంతదూరముననే వెదుకవలెను. వ్రేలికి గ్రుచ్చుకొనవచ్చును గనుక గుడ్డతో మెల్లగా తుడుచుచు చూడవలెను. టైరుకు పెద్ద గాటు ఉన్నచో లోపల పాత టైరు ముక్కను పెట్టవలెను. రిమ్ముపై పట్టీ స్పోకు మొనల నన్నింటిని కప్పియున్నదో లేదో చూడవలెను.

రెండవది, ట్యూబులో కొంచెము గాలి, గుండ్రముగా నిలుచునంత మాత్రమే, నింపవలెను. గాలిలేని ట్యూబు మడతపడి అంచు క్రిందికి పోవును.

మూడవది, వాల్వును రంధ్రములో నిటారుగా నిలిపి, నట్టును రెండు మరలు మాత్రమే త్రిప్పి వదులుగా ఉంచవలెను. ట్యూబును మెలిక పడకుండ చుట్టును టైరులోనికి సర్దవలెను.

నాలుగవది, వాల్వునకు సరిగా ఎదురుగా నున్న చోట మొదలుపెట్టి, రెండు చేతుల బొటనవ్రేళ్ళతో టైరు అంచును రిమ్ములోనికి నొక్కుచు, రెండు ప్రక్కల సమముగా వాల్వు వైపునకు రావలెను. చివరి జానెడు వాల్వు దగ్గర మిగులును. అది బిగువుగా నుండును. ఇక్కడనే లివరును పట్టుకొందురు, ఇక్కడనే ట్యూబు నలుగును. అట్లు చేయరాదు. తిరిగి ఎదురు ప్రక్కకు పోయి, అక్కడి అంచును రిమ్ము పల్లములోనికి మరల నొక్కుచు చుట్టును రావలెను. ఇందాక చెప్పిన వదులు అక్కడ దొరకును. అవసరమైనచో ట్యూబులోని గాలిని కొంత తీయవలెను. అంతట ఆ చివరి జానెడు చేతితోనే లోనికి పోవును.

అయిదవది, వాల్వును ఒకసారి లోనికి త్రోసి మరల బయటికి లాగవలెను. వాల్వు మొదట ట్యూబు మందముగా నుండుటచే తరచు అంచు క్రింద చిక్కుకొనియుండును. ఈ త్రోపుతో అది పైకి పోవును.

ఆరవది, చక్రమును మెల్లగా త్రిప్పుచు రెండు ప్రక్కలను టైరును కొద్దిగా తప్పించి చూడవలెను. టైరునకును రిమ్మునకును నడుమ ఎక్కడను ట్యూబు కనబడరాదు. కనబడినచో టైరును కదిపి లోనికి పంపవలెను. నేను ఆ రాత్రి చేయక విడిచినది ఇదియే. లాంతరు వెలుగులో ఒక్క నిమిషము పట్టెడి పని!

ఏడవది, సగము గాలి కొట్టి ఆగి చూడవలెను. టైరు ప్రక్కన రిమ్మును ఆనుకొని చుట్టును ఒక గీత ఉండును. ఆ గీత రిమ్మునకు అన్నిచోట్ల సమదూరమున ఉండవలెను. ఒకచోట పైకి లేచి, ఒకచోట దిగియున్నచో గాలి తీసి, టైరును చేతులతో పిసికి సర్ది, మరల కొట్టవలెను. అప్పుడే పూర్తి గాలి కొట్టి, వాల్వు నట్టును చేతితో బిగింపవలెను. తొక్కినప్పుడు చక్రము ఎగిరెగిరి పడినచో ఈ మెట్టు తప్పినదని తెలిసికొనవచ్చును.

ఏ కారణముచేతనైనను చక్రమును ఊడదీసియుండినచో దానిని ఫోర్కు నడుమ సరిగా నిలిపి రెండు నట్లను గట్టిగా బిగింపవలెను. చైను మరీ బిగువుగా గాని, వ్రేలాడునట్లు గాని ఉండరాదు. అర అంగుళము ఆట ఉన్న చాలును. బ్రేకు ముక్కలు రిమ్మును పట్టవలెను గాని టైరును తాకరాదు. చక్రమును త్రిప్పి చూచి, బ్రేకు పట్టి చూచి, అప్పుడే ఎక్కవలెను.

గాలి ఎంత? టైరు ఏది?

ఎంత గాలి కొట్టవలెనో టైరు ప్రక్కననే ముద్రించియుందురు. బరువు వెనుక చక్రముపై ఎక్కువ గనుక దానికి గాలి ఎక్కువ కావలెను. పాలబిందెలు, ధాన్యపు మూటలు వేయువారు ఇది మరువరాదు. టైరు కొనునప్పుడు కొలతలను పూర్తిగా సరిచూడవలెను. 26 అని వ్రాసిన టైర్లన్నియు ఒకటి కావు, దాని ప్రక్కనున్న అంకె కూడ కలియవలెను. పెద్ద నల్ల సైకిలు టైరుపై 40-635 అని ఉండును. ఇందులో 635 అనునది రిమ్ముపై టైరు కూర్చొను చోటి వ్యాసము, మిల్లీమీటర్లలో. ఆ అంకె కలిసినచో టైరు కలియును.

పంచాయతీకి సంబంధించిన మాట

ఇప్పుడు మీ సందేహమునకు వత్తును.

మన ఊళ్ళలో పంక్చర్లకు మూలము ఏమి? సర్కారు తుమ్మ ముల్లు, పల్లేరు కాయ. చేలకు కంచె వేయుటకు ముళ్ళకంపను బండిపై లాగుకొని పోవునప్పుడు దారి పొడవున ముళ్ళు రాలును. వాటిని ఊడ్చువారు లేరు. ఆ దారినే మరునాటి ఉదయము బడిపిల్లలు పోవుదురు. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములను పేర్కొన్నది. వానిలో రోడ్లు ఒకటి. రోడ్డు వేయించుటతో మన కర్తవ్యము తీరదు, దానిపై ముల్లు లేకుండ చూచుట కూడ మనదే. కంప తోలినవారే దారిని ఊడ్చి పోవలెనని గ్రామసభలో తీర్మానింపుడు. దారి ప్రక్కల పల్లేరును కాయ ముదురకముందే పెరికింపుడు. దీనికి పెద్ద వ్యయము కాదు.

రెండవది, పంచాయతీ కార్యాలయమున ఒక గాలిపంపును, నేను చెప్పిన సామగ్రిని ఒక పెట్టెలో ఉంచుడు. రాత్రివేళ అవసరము వచ్చినచో తాళము ఎవరి దగ్గర దొరకునో గోడపై వ్రాయుడు.

మూడవది, సెలవు దినమున పాఠశాల ఆవరణలో ఈ పనిని పిల్లలకు నేర్పింపుడు. నేర్పుటకు మీ ఊరి సైకిలు షాపువానినే పిలిచి, ఆతనికి తగిన ప్రతిఫలము ఇప్పింపుడు. ఆతని జీవనమునకు దీనివలన నష్టము లేదు. పిల్లవాడు దారిలో అతుకు వేసికొనును గాని చక్రము వంకర తీయుటకు, బేరింగులు మార్చుటకు షాపునకే రావలెను. ఆడపిల్లలను తప్పక పిలువుడు. 1990 దశకపు తొలినాళ్ళలో తమిళనాడులోని పుదుక్కోట జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమముతో పాటు వేలకొలది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకొనిరి. 2006లో బీహారు ప్రభుత్వము ఉన్నత పాఠశాల బాలికలకు సైకిళ్ళు సమకూర్చు పథకమును ప్రారంభించెను. సైకిలు ఇచ్చుట గొప్ప మేలు. ఐతే నిర్మానుష్యమైన దారిలో పంక్చరైనప్పుడు తానే సవరించుకొనగల బాలికకే ఆ సైకిలు పూర్తిగా తనది. లేనిచో మొదటి ముల్లుతో ఆ సైకిలు పంచలో నిలుచును, బాలిక ఇంటిలో నిలుచును.

ఇంతకుమించి మిమ్ము విసిగింపను. తరగతి ముగిసిన తరువాత ఆవరణలో ఒక సైకిలును సిద్ధముగా ఉంచితిమి. మీలో ప్రతి ఒక్కరు ఒకసారి టైరు దింపి, మరల లివరు ముట్టకుండ చేతులతో ఎక్కించి చూడవలెనని కోరుచున్నాను. చేతికి అంటిన మసి సబ్బుతో పోవును, నేర్చిన పని పోదు.